పాలు పొంగిన గుడిసె

మార్టూరు నుంచి ఒక గ్రానైట్ ఆసామి ఒంగోల్లో నా ఆఫీసుకు వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే, సముద్రం ఒడ్డున గుడిసెలు వెయ్యాలన్నాడు. అప్పటిదాకా నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఇళ్ళూ కల్యాణ మండపాలూ అడిగినవాళ్ళే. కల్యాణ మండపమంటే ముందు గుమ్మటం ఉండాలి, గుమ్మటం కింద లావుపాటి స్తంభాలుండాలి, స్తంభాల పక్కన తొండమెత్తిన ఏనుగులుండాలి. ఇల్లంటే పిట్టగోడ మీద సింహం ఉండాలి. ఆర్కిటెక్చర్ చదువుకుని జీవితమంతా సింహాలు గీస్తున్నానని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నాకు మామూలుగానే కోపం ఎక్కువ. సింహాలు దాన్ని ఇంకాస్త పెంచాయి. అందుకే గుడిసె అన్న మాట చెవిన పడగానే ఆయనకు కాఫీ తెప్పించాను.

ఆయనకు మార్టూరులో రాయి కోసి మెరుగుపెట్టే యూనిట్ ఉంది. పర్చూరు అవతల సొంతూళ్ళో మిర్చి, పత్తి చేలున్నాయి. ఈ మధ్యనే వాడరేవు దాటాక సముద్రం పక్కన ఒక సరుగుడు తోట కొన్నాడు. అందులో నాలుగు గుడిసెలు వేస్తే ఆదివారాలు హైదరాబాదు వాళ్ళు వచ్చి ఉంటారని ఎవరో చెప్పారు. అయితే అనుమతి ఇచ్చే ఆఫీసరు ఒక మెలిక పెట్టాడు. తీరం పక్కన పునాది తవ్వకూడదు, సిమెంటు వాడకూడదు, గుడిసె మొత్తం విప్పి తీసుకుపోయేలా ఉండాలి. తుపాను రోజులు రాగానే నిజంగానే విప్పి తీసుకుపోవాలి. అది కాగితం మీద రాసిస్తే చాలదు, ఆయన కళ్ళ ముందు ఒక గుడిసె నిలబెట్టి, విప్పి చూపించాలి. చూపిస్తే సంతకం పెడతాడు, లేకపోతే లేదు.

"విప్పి చూపిద్దాం మేడమ్, దాందేముంది" అన్నాడు ఆసామి.

నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఇన్నేళ్ళకు నాకు నచ్చిన పని ఒకటి దొరికింది. అది చేతికి వస్తే నేను మాడ్యులర్ గుడిసెల ఆర్కిటెక్టుని. రాకపోతే మళ్ళీ ఏనుగులే.

గుడిసె గియ్యడం మాత్రం హాయిగా సాగింది. మా వైపు పత్తి ఏరాక కట్టెను చేలోనే కాల్చేస్తారు. ఆ కట్టెను పొడి చేసి, జిగురు కలిపి, ఒత్తి పలకలు చేసే చిన్న యూనిట్ ఒకటి దొరికింది. గోడలకు ఆ పలకలు, నిలువుకు ఆయన తోటలోని సరుగుడు కర్రలే, పైన చట్రాల్లో బిగించిన తాటాకు. మేకుల్లేవు, అన్నీ బోల్టులే. ఏ ముక్కైనా ఇద్దరు ఎత్తుకుపోవచ్చు. ఒక గోడ పాడైతే ఆ ఒక్క గోడే మార్చుకోవచ్చు. ఎప్పటికైనా పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. ఇది సస్టైనబుల్ డిజైన్ అని ఆసామికి గంటసేపు వివరించాను. ఆయన అంతా విని, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో గ్రానైట్ ఎక్కడొస్తుంది మేడమ్?"

"రాదండి."

"కింద?"

"కింద వెదురు చాప."

"పోనీ బయట కూర్చునే గట్టు?"

"గట్టు లేదండి. ఇసుక ఉందిగా, దాని మీద కూర్చుంటారు."

ఆయన మొహం చిన్నబోయింది. "మా చుట్టాలు ఏమనుకుంటారు మేడమ్. రాళ్ళ వ్యాపారం చేసేవాడు రాయి లేకుండా ఇల్లు కట్టాడంటారు" అన్నాడు. చుట్టాలను ఒడ్డున కాకుండా నీళ్ళలో కూర్చోబెట్టమని నోటిదాకా వచ్చింది గానీ, పని పోతుందని మింగేశాను.

మొదటి గుడిసెను సముద్రం దగ్గర కాకుండా ఆయన ఊళ్ళోనే చేద్దామనుకున్నాం. అక్కడైతే కరెంటుంది, కర్రలు పెట్టుకోను షెడ్డుంది, వడ్రంగి మేస్త్రీ కూడా ఆ ఊరివాడే. ఖాళీ జాగా కావాలంటే ఆసామి తన మిర్చి కల్లం చూపించాడు. అది కాయ ఆరబోసే కాలం. కల్లం నిండా ఎర్రగా మిర్చి, మధ్యలో నా గుడిసె. గాలి ఇటు తిరిగితే మేము తుమ్మేవాళ్ళం, అటు తిరిగితే రంగు పోయిన తాలుకాయ ఏరే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ తుమ్ము రాదు. నేను మొహానికి చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి, బోల్టులు ఎక్కడ పెట్టాలో సైగలతో చెప్పేదాన్ని.

మేస్త్రీ వాళ్ళ చర్చిలో పెద్ద. పనిలో వంక పెట్టేందుకు లేదు గానీ, ఈ గుడిసె చివరికి ఇసుక మీదకు పోతుందని తెలిసినప్పటి నుంచీ ఆయనకు మనసు ఒప్పలేదు.

"మా పాస్టరు అయ్యగారు చిన్నప్పటి నుంచీ ఇసక మీద ఇల్లు కట్టొద్దనే చెప్తన్నారమ్మా" అన్నాడు ఒకరోజు.

"కట్టడం లేదు మేస్త్రీ. తీసుకెళ్ళి పెడుతున్నాం. మళ్ళీ తీసుకొస్తాం."

"కట్టడమూ పెట్టడమూ వేరంటారా?"

"వేరే."

ఆయన కాసేపు ఆలోచించి ఆ తేడాకు ఒప్పుకున్నాడు. అయినా అయ్యగార్ని ఒకసారి అడుగుతానన్నాడు.

గుడిసె నిలబడింది. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. అందరికంటే ఎక్కువ ముచ్చటపడింది ఆసామి తల్లి. ఆ మామ్మగారు రోజూ పొద్దున్నే కల్లానికి వచ్చి, గుడిసె చుట్టూ ఒకసారి తిరిగి, గోడ మీద చెయ్యేసి, "పత్తికట్టేనంటే నమ్మబుద్ధి కావట్లా" అని వెళ్ళేది. నా డిజైన్‌ను అంత ప్రేమగా తాకినవాళ్ళు అంతకు ముందు లేరు. నేను పొంగిపోయాను. వచ్చే శుక్రవారం ఆఫీసరు వాడరేవు వస్తానన్నాడు. అన్నీ సిద్ధంగా ఉన్నాయని, నేను నిశ్చింతగా బెజవాడలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి గుడిసెకు మామిడి తోరణం కట్టి ఉంది. గోడలకు పసుపు చుక్కలున్నాయి. ద్వారం కింద, నేను ఇసుక ఊడవడానికి వీలుగా ఖాళీ వదిలిన చోట, నల్లగా నిగనిగలాడే గ్రానైట్ గడప ఉంది. గడప మీద పసుపు, బియ్యప్పిండి ముగ్గు. లోపల మూడు ఇటుకల పొయ్యి, పొయ్యి చుట్టూ తెల్లగా ఎండిన పాల మరక.

మేస్త్రీ వంక చూశాను.

"మామ్మగారు గృహప్రవేశం చేశారమ్మా. పాలు పొంగిచ్చారు" అన్నాడు. ఆ తర్వాత ఇంకాస్త గొంతు తగ్గించి, "సాయంత్రం మా అయ్యగారు కూడా వచ్చి ప్రార్థన చేశారు. ఈ ఇల్లు కదలకుండా తరతరాలు నిలబడాలని" అన్నాడు.

విప్పడానికి పుట్టిన గుడిసెను రెండు మతాలవాళ్ళూ కలిసి, నేను ఊళ్ళో లేని రోజు చూసి, శాశ్వతం చేసేశారు. ఆ గడప ఒక్కటే మిగతా గుడిసె అంత బరువుంది.

మామ్మగారు కల్లం పక్కన మంచం మీద కూర్చుని ఉంది. కోపం తగ్గించుకుని, నెమ్మదిగానే మొదలుపెట్టాను.

"మామ్మగారూ, ఎల్లుండి దీన్ని విప్పి వాడరేవు తీసుకెళ్ళాలండి."

"పాలు పొంగిన ఇల్లు విప్పుతారా ఎవరన్నా?" అంది ఆవిడ.

"ఇది ఇల్లు కాదండి. నమూనా."

"నమూనాకి పాలు పొంగుతయ్యా?"

"పొయ్యి మీద పెడితే పాలు ఎక్కడైనా పొంగుతాయండి."

"తూర్పుకి పొంగినయ్యి" అంది ఆవిడ.

ఆసామిని పట్టుకున్నాను. క్వారీ లారీల వాళ్ళను ఫోన్లోనే వణికించే మనిషి, తల్లి ఎదురుగా చెప్పులు విడిచి, ట్రాక్టరు వెనక నిలబడ్డాడు. "అమ్మ ఒప్పుకోకపోతే నేనేం చెయ్యలేను మేడమ్. ఇంకోటి చేద్దాం" అన్నాడు. ఇంకోటి చెయ్యడానికి పలకల్లేవు. పలకల యూనిట్ వాళ్ళు మళ్ళీ ఒత్తి ఇవ్వాలంటే నెల పడుతుందన్నారు. ఆఫీసరు మాత్రం ఈ శుక్రవారం దాటితే బదిలీ మీద వెళ్ళిపోతాడని వినికిడి. కొత్తాయన వస్తే మొదటి కాగితం నుంచీ మొదలు.

"ఆ గడప ఎవరు పెట్టారండి?" అని అడిగాను.

ఆయన ట్రాక్టరు చక్రం వంక చూస్తూ, "గడప లేకుండా గృహప్రవేశం ఏంటని అమ్మ అంటేనూ... చిన్న ముక్కే మేడమ్" అన్నాడు.

మళ్ళీ మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. "అద్దె ఇళ్ళల్లో పాలు పొంగించుకుని, ఏడాది తిరక్కుండా ఇంకో ఇంటికి పోతున్నారు కదండి జనం. దానికేం దోషం లేదుగా?" అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను.

"అక్కడ పోయేది మనుషులు. ఇల్లు పోదు" అంది ఆవిడ.

ఊళ్ళో పంతులుగారికి ఫోన్ చేశాం. ఇల్లు కట్టడానికి ముహూర్తాలున్నాయి గానీ, విప్పడానికి తానెప్పుడూ పెట్టలేదని, కావాలంటే శాంతి చేయిద్దామని అన్నాడు. మేస్త్రీ వాళ్ళ అయ్యగార్ని అడిగితే, చేసిన ప్రార్థన వెనక్కి తీసుకునే పద్ధతి తమలో లేదన్నాడు. తాలుకాయ ఏరే ఆడవాళ్ళు పని ఆపి మరీ వింటున్నారు. ఆ రోజు వాళ్ళకు మంచి కాలక్షేపమైంది.

మర్నాడు పొద్దున్న మామ్మగారు గడపకు మళ్ళీ పసుపు రాస్తుంటే చూశాను. అప్పటిదాకా పళ్ళబిగువున ఆపుకున్నది ఇక ఆగలేదు. మిర్చి ఘాటుకు కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, దానికి తోడు ఏడుపు. నిలబడ్డచోటే అరిచాను.

"మామ్మగారూ, దీన్ని ఇక్కడ ఉంచుకోవడానికి చెయ్యలేదండి. పంపించడానికే చేశాం. ఇక్కడ మనం చేసేది, అంతే. ఇది బతకాల్సింది అక్కడ. మీకిష్టమని మీ కల్లంలోనే పెట్టుకుంటే, ఇది దేనికి పుట్టిందో అది ఎప్పటికీ కాదు. నాకు మాత్రం ఇష్టం లేదా? చేసింది నేను. అయినా పంపాలి."

మామ్మగారు పసుపు చేతిని కొంగుకు తుడుచుకుంది. నేను ముసలావిడ మీద అరిచినందుకు సిగ్గుపడి, చున్నీతో ముక్కు తుడుచుకున్నాను.

"అయితే ఆడపిల్లన్నమాట" అంది ఆవిడ.

నాకు అర్థం కాలేదు.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్. ఇంటిని ఇప్పుతారనుకున్నా గానీ, పిల్లని పంపుతున్నారని ఎవరు చెప్పారు నాకు?" అంది. లేచి నిలబడి, తూర్పు వైపు చూసింది. మా ఊళ్ళకు సముద్రం తూర్పునే ఉంటుంది. "పాలు అటు పొంగినప్పుడే నాకు తెలియాల్సింది" అని, కొడుకును కేకేసింది. "ఒరేయ్, ట్రాక్టరు చాటున ఏం చేస్తన్నావురా. సారె సంగతి చూడు."

అక్కడి నుంచి పని నా చేతుల్లోంచి పూర్తిగా జారిపోయింది. నేను వేసుకున్న లెక్క ప్రకారం గుడిసె విప్పడానికి ఒక పూట చాలు. ఒక రోజంతా పట్టింది, ఎందుకంటే విప్పిన ప్రతి పలకకూ బొట్టు పెట్టాలి. బోల్టుల మీద కుంకుమ పడి పానా జారిపోతోందని మేస్త్రీ గొణిగాడు. ఏ పలక ఎక్కడిదో తెలియడానికి నేను సుద్దతో వేసిన గుర్తులన్నీ పసుపు కింద పోయాయి. ఇంటింటి నుంచీ వచ్చిన ఆడవాళ్ళు అరిసెలు, సున్నుండలు, చలిమిడి తెచ్చారు. ఒకావిడ జాకెట్టు ముక్క తెచ్చింది. గుడిసెకు జాకెట్టు ముక్క దేనికని అడిగే ఓపిక కూడా నాలో లేదు.

ట్రాక్టరు ట్రక్కులో పలకలన్నీ సర్ది, ముందు రెండు అరటి పిలకలు కట్టి, గడపను అన్నిటికంటే ముందు ఎక్కించారు. మామ్మగారు ఒక షరతు పెట్టింది. "ఏడాదికోసారి పుట్టింటికి తీసుకురావాల. ఆషాఢమో, ఎప్పుడో. పంపినోళ్ళం మరిచిపోయామని అనుకోకూడదు" అంది. నేను గుడిసెల వాడకం గురించి రాసిచ్చిన కాగితాల్లో, ఏటా తుపాను రోజులకు ముందు విప్పి లోపలి ఊళ్ళో దాచాలని ఒక పేరా ఉంది. అది ఎవరూ పాటించరని రాసినప్పుడే నాకు తెలుసు. మా జిల్లాలో ఒకసారి నిలబెట్టినదాన్ని పెళ్ళి పందిరైనా నెలకు గాని విప్పరు. అలాంటిది, ఆవిడంతట ఆవిడే అడిగింది. తల ఊపాను.

ట్రాక్టరు కదిలేసరికి మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. మిర్చి వల్లేనని మేస్త్రీతో చెప్పాను.

శుక్రవారం వాడరేవు తోటలో గుడిసె నిలబెట్టాం. ఆఫీసరుగారు జీపు దిగి చూసేసరికి ఇసుకలో గుడిసె, గుడిసెకు పసుపు చుక్కలు, పక్కన కుర్చీలో మామ్మగారు, ఆవిడ ముందు అరిసెల డబ్బా. పిల్ల తరఫున తానూ వస్తానని ఆవిడ కారెక్కింది. ఆఫీసరుగారు నా కాగితాలు చూస్తుంటే, "ఏమయ్యా, ఉప్పు గాలికి బాగా చూసుకుంటారుగా?" అని ఆయన్నే అడిగింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, చూసుకుంటామండీ అన్నాడు.

"సరే, ఇక విప్పి చూపించండి" అన్నాడు నాతో.

మేస్త్రీ పానా తీశాడు. మామ్మగారు కుర్చీలోంచి లేచింది.

"ఇదేం పద్ధతి? పిల్ల దిగి పూట కాలేదు. వచ్చిన రోజే తిప్పి పంపుతారా?"

ఆసామి సరుగుడు చెట్ల వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నాడు. ఇన్నాళ్ళ పనీ ఇక్కడిదాకా వచ్చి పోయిందని, సోమవారం నుంచి నా బల్ల మీద మళ్ళీ సింహాలేనని నాకు స్పష్టంగా కనిపించింది. అప్పుడు నోటికి వచ్చింది అనేశాను.

"మనుగుడుపులకండీ మామ్మగారూ."

పెళ్ళయ్యాక కొత్త జంటను మళ్ళీ పిల్ల పుట్టింటికి తీసుకొచ్చి, ఇన్ని రోజులని పెట్టుకుని మర్యాదలు చెయ్యడాన్నే మా వైపు మనుగుడుపులంటారు. మామ్మగారు నా మొహంలోకి పరీక్షగా చూసింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకూ తెలుసు.

"మనుగుడుపులకైతే పంపాల్సిందే" అని మళ్ళీ కూర్చుంది. "అదన్నా తెలుసు నీకు."

గుడిసె ఈసారి చకచకా విడిపోయింది. పలకలన్నీ ట్రక్కులోకి ఎక్కాయి. ఇసుకలో కర్రలు దిగిన గుంటలు తప్ప ఏమీ మిగల్లేదు. గడపను ఎత్తడానికి మాత్రం నలుగురు కావాల్సి వచ్చింది. ఇది డిజైన్‌లో లేదే అని ఆఫీసరుగారు అడిగితే, ఆసామి చెట్టు చాటు నుంచి, "అది పిల్లకు మేం పెట్టింది సార్" అన్నాడు. ఆఫీసరుగారు నవ్వాడు. అరిసె తింటూ సంతకం పెట్టాడు. కాగితం మీద నూనె మరక ఇప్పటికీ ఉంది. వెళ్ళబోతూ జీపు దగ్గర ఆగి, "మళ్ళీ ఎప్పుడు తెస్తారమ్మా పిల్లని?" అని మామ్మగార్ని అడిగాడు. మంచి రోజు చూసి పంపుతామంది ఆవిడ.

ఇప్పుడు ఆ తోటలో గుడిసెలు వరసగా ఉన్నాయి. మిగతావి నేరుగా సముద్రం దగ్గరే చేద్దామంటే మామ్మగారు ఒప్పుకోలేదు. అన్నీ కల్లంలోనే పుట్టాయి, అన్నిటికీ పాలు పొంగించింది, అన్నీ సారెతో వెళ్ళాయి. ప్రతిదానికీ ఒక గ్రానైట్ గడప ఉంది. దాని గురించి నేను పోట్లాడటం మానేశాను. మేస్త్రీ వాళ్ళ అయ్యగారు ఇప్పుడు ప్రయాణం క్షేమంగా సాగాలని ప్రార్థన చేస్తున్నారు.

పోయిన కార్తీకంలో, మేము ఇంకా గుడిసెలు విప్పకముందే, వాయుగుండం పడింది. సర్కారు ఆఫీసు నుంచి హెచ్చరిక ఇంకా రాలేదు, నేను ఫోన్లో వాతావరణం చూసుకోనూ లేదు. పొద్దున్నే మామ్మగారి దగ్గర నుంచి ఫోనొచ్చింది.

"టీవీలో చెప్తన్నారు అమ్మాయ్. పిల్లల్ని తెచ్చెయ్యండి."

"ఆషాఢం కాదు కదండి మామ్మగారూ" అన్నాను, ఉడికించడానికి.

"పురిటికని తెచ్చుకుంటాం. నీకెందుకు" అని పెట్టేసింది.

గాలి రాకముందే ట్రాక్టర్లు వెళ్ళి అన్నిటినీ తెచ్చాయి. గాలి వచ్చి వెళ్ళాక తోట చూడటానికి పోతే, సముద్రం ఒడ్డును కోసుకుని లోపలికి వచ్చేసింది. గుడిసెలు ఉండిన చోట మోకాలి లోతు నీళ్ళు, విరిగిన సరుగుడు కొమ్మలు. నా గుడిసెలు అక్కడే ఉంటే ఏమయ్యేవో చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచి తిన్నగా ఊరికి వెళ్ళాను.

కల్లంలో షెడ్డు కింద పలకలన్నీ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. మామ్మగారు మొదటి గుడిసె గోడ దగ్గర కూర్చుని, గుడ్డ తడిపి ఉప్పు తుడుస్తోంది. నేను వంగి చూశాను. ఉప్పు గాలికి, చెమ్మకు, పలక అంచులు బాగా ఉబ్బాయి. వచ్చే ఏడు అంచులకు ఇంకేదైనా పూత చూడాలి.

మామ్మగారు ఉబ్బిన అంచు మీద చేత్తో నిమిరింది.

"చిక్కిపోయింది" అంది.

ఆర్కిటెక్టుగా నాకు ఆ మాట దిద్దాలనిపించింది. ఇంకో గుడ్డ తీసుకుని, ఆవిడ పక్కన కూర్చుని, "అవునండి, బాగా చిక్కింది" అన్నాను.